ఒప్పుకోనివాడికీ ఒక గది

ఒక్క అక్షరం

రిటైరయ్యాక నన్ను చూడడానికి వచ్చే కొత్త లెక్చరర్లు చాయ్ తాగుతూ కాస్త మొహమాటంగా అడుగుతారు: "సార్, మీరు ఈ సబ్జెక్టు ఎట్ల తీసుకున్నరు?" ఏదో జబ్బు ఎట్లా అంటుకుందని అడిగినట్టు ఉంటుంది ఆ గొంతు. నా సబ్జెక్టు అరాజకవాదం, నీతిశాస్త్రం. పైన రాజు గానీ అధికారి గానీ లేకుండా మనుషులు కలిసి బతకగలరా? బతికితే ఏది తప్పో ఏది ఒప్పో తేల్చేది ఎవరు? ఈ రెండు ప్రశ్నల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పాను. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యమవుతాయి. ఈ పనిలో నిజంగా ఏముంటుందో అది రాస్తాను. కొత్తగా చేరేవాళ్లకు దాన్ని ఎవరూ చెప్పరు.

మొదటి ఇబ్బంది పేరుతోనే వస్తుంది. అరాజకం అంటే జనానికి అరాచకం అని వినిపిస్తుంది. మా మామగారికి పెళ్లిచూపుల్లో అట్లాగే వినిపించి, ఆయన ఆ సంబంధం గురించి రెండు వారాలు ఆలోచించాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్‌కూ అట్లాగే వినిపించింది. నన్ను పిలిపించి, మర్యాదగానే కుర్చీ వేయించాడు.

"అరాచకం మీద పీహెచ్‌డీ చేసిండ్రంట. దానికి అంత చదువెందుకు సార్? బయట ఊకెనే దొరుకుతది కద!" అన్నాడు.

"అరాచకం కాదు సార్, అరాజకం. చ కాదు, జ."

"గా ఒక్క అక్షరానికి తేడా ఏంది?"

"అరాచకం అంటే ఎవడి బలం వాడిది. అరాజకం అంటే ఎవడి బలమూ ఇంకొకడి మీద నడవకపోవడం."

ఆయన "గట్లయితె నా నౌకరి ఏమైతది?" అని పెద్దగా నవ్వాడు. చాయ్ తెప్పించి పంపించేశాడు. ఆ రోజు నుంచీ నేను ఎవరి నవ్వుకూ నొచ్చుకోలేదు. "నా నౌకరి ఏమైతది" అని అడిగినవాడు నా సబ్జెక్టును సగం అర్థం చేసుకున్నట్టే. క్లాసులో నిద్రపోయేవాడికంటే వాడు నయం.

నిజానికి నాకు ఈ సబ్జెక్టు విశ్వవిద్యాలయంలో దొరికింది కాదు. మాది పెనుబల్లి దగ్గర తండా. మా తాత ఆ తండాకు నాయక్, అంటే పెద్ద. తగాదా ఏదొచ్చినా మా ఇంటి ముందే తేలేది. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు కోసం కొట్లాడుకుంటే, తాత తన మేనల్లుడి వరసయ్యేవాడి వైపు మొగ్గాడు. తీర్పు విని అందరూ లేచి వెళ్లిపోయారు. ఎవరూ ఎదురు చెప్పలేదు, తిట్టలేదు. ఆ తర్వాత తగాదాలు వస్తే మా ఇంటికి రావడం మానేశారు, అంతే. తాత పొద్దున్నే మంచం వేసుకుని కూర్చునేవాడు. ఆ దారిన పోయేవాళ్లు దండం పెట్టి వెళ్లేవాళ్లు గానీ ఆగేవాళ్లు కాదు. ఎండాకాలమంతా అట్లా చూసి చూసి, చివరికి ఆయనే ఆ అన్నదమ్ముల ఇంటికి నడిచి వెళ్లి, "గట్టు మళ్లొకసారి చూద్దాం రాండ్రి" అని పిలిచాడు.

అధికారం ఇచ్చేది కింద కూర్చున్నవాళ్లేనని, ఇచ్చినంత నిశ్శబ్దంగా దాన్ని వెనక్కి తీసుకోగలరని అప్పుడు చూశాను. తర్వాత లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. వాటిలో చాలా వాటికంటే ఆ ఎండాకాలమే నాకు ఎక్కువ చెప్పింది.

విమల మేడమ్

హైదరాబాదులో నా పరిశోధనకు గైడ్ విమల మేడమ్. ఆమెకు పొగడటం రాదు. మొదటి అధ్యాయం రాసి ఇచ్చినప్పుడు నాకు చాలా గర్వంగా ఉంది. పాలకుడు లేని ఒక సమాజంలో నిర్ణయాలు ఎట్లా జరుగుతాయో వివరంగా రాశాను. ఆమె కాగితాలన్నీ చదివి కళ్లద్దాలు తీసింది.

"హరీ, నీ ఊళ్లో అందరూ మంచివాళ్లే. కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాడు ఒక్కడూ లేడేమిటి?"

"చర్చించి ఒప్పిస్తారు మేడమ్."

"అప్పటికీ ఒప్పుకోకపోతే?"

నేను నా కాగితాలు తిరగేసి వెతికాను.

"వెళ్లగొడతారా?"

"లేదు మేడమ్."

"మరి? ఒప్పుకోనివాడిని ఏం చేస్తావో రాసి పట్టుకురా. మిగతాది అప్పుడు చదువుతాను."

నేను పెద్ద పెద్ద రచయితల వాక్యాలు పేర్చి ఏదో రాశాను. పరిశోధన పూర్తయింది. ఆమె సంతకం చేస్తూ, "డిగ్రీ వస్తుంది. జవాబు మాత్రం రాలేదు" అంది. ఆ మాట చాలా ఏళ్లు నన్ను గుచ్చింది. ఇప్పుడు నా అభిప్రాయం అడిగితే, గైడ్ అంటే ఆమెలాగే ఉండాలి. మన సిద్ధాంతానికి ఎక్కడ నొప్పి పుడుతుందో వెతికి అక్కడే వేలు పెట్టాలి. అన్నీ బాగున్నాయని తల ఊపే గైడ్ దొరికితే సంబరపడకండి, గైడ్‌ను మార్చుకోండి.

హాజరు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది క్లాసులో ఒక ప్రకటన చేశాను. నా పాఠానికి హాజరు పట్టింపు లేదు, ఇష్టమున్నవాళ్లు రండి, లేనివాళ్లు మానుకోండి అన్నాను. బలవంతం లేని చదువు అంటే ఏమిటో చూపించాలని నా తాపత్రయం. మగపిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

రెండు వారాలకు క్లాసులో ఆడపిల్లలు సగం మంది లేరు. మిగిలిన వాళ్లలో నాగమణి అనే అమ్మాయి పాఠం అయ్యాక వరండాలో నిలబడింది. దుమ్ముగూడెం వైపు ఒక కోయ గూడెం ఆమెది. ఇంట్లో అంతకుముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు.

"సార్, హాజరు ఉండాలె అని గట్టిగ చెప్పండ్రి" అంది.

"ఎందుకమ్మా? నీకు స్వేచ్ఛ ఇచ్చాను కదా!"

"మీరు మాకియ్యలే సార్, మా ఇంటోళ్లకిచ్చిండ్రు. రాకున్నా నడుస్తదంట కద, మిర్చి ఏర పో అంటున్నరు. ఇంతకుముందు, పోకుంటె పరీక్ష రాయనియ్యరు అని చెప్పి తప్పించుకునేటోళ్లం. ఇప్పుడేం చెప్పాలె?"

మర్నాడే క్లాసులో నా మాట వెనక్కి తీసుకున్నాను. ముఖం కందిపోయినట్టు అనిపించింది గానీ, ఆ క్షణంలో నేర్చుకున్నది మళ్లీ మర్చిపోలేదు. నియమం అన్నది ఎప్పుడూ సంకెలే కాదు. కొందరికి అది ఇంట్లోంచి బయటికి వచ్చే దారి. ఒక నియమాన్ని తీసేసే ముందు దాని చాటున ఎవరు నిలబడి ఉన్నారో చూడాలి. దీన్ని ఏ పుస్తకమూ ఇంత సూటిగా నాకు చెప్పలేదు. నాగమణి తర్వాత పీజీ చేసి, మా కళాశాలలోనే గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆమెదే.

గోదావరి వచ్చిన ఏడు

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది ఇది.

ఆ ఏడు గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఇంకా పెరుగుతూనే ఉంది. లోతట్టు కాలనీల వాళ్లను మా కళాశాలకు తరలించారు. బియ్యం, పప్పు, కూరగాయలు దించిన లారీ వెళ్లిపోయిన కాసేపటికే వాగు నీళ్లు రోడ్డెక్కాయి. ఆ తర్వాత అధికారులెవరూ ఇటు రాలేకపోయారు. నేను కళాశాల పక్కనే కిరాయికి ఉండేవాణ్ని కాబట్టి గదుల తాళాల గుత్తి నా చేతికొచ్చింది. మా ప్రిన్సిపాల్ సుదర్శనం గారు ఖమ్మంలో చిక్కుకుపోయారు. అప్పటికి గెస్ట్ లెక్చరర్‌గా ఉన్న నాగమణి సాయానికని వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఎవరూ ఎవరినీ నియమించలేదు. వెంకటయ్య అనే పెద్దమనిషి పొయ్యిల దగ్గర నిలబడ్డాడు. సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు పని చేసి మానేసిన మనిషి, పెళ్లిళ్లకు వంటలు కూడా చేసేవాడు. పొద్దున్నే వరండాలో అందరూ కూర్చుని ఎవరెవరు ఏం చేయాలో మాట్లాడుకునేవాళ్లు. నీళ్లు మోయడం, ముసలివాళ్లను పై అంతస్తుకు ఎక్కించడం, మరుగుదొడ్లు కడగడం, అన్నీ వంతులు. మరుగుదొడ్ల వంతు మొదట తానే తీసుకున్నాడు వెంకటయ్య. దాంతో ఇంకెవరూ మొహం తిప్పుకోలేదు.

ఇన్నేళ్లు చదివింది కళ్లముందు నడుస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. "చూస్తున్నవా నాగమణీ? పెద్ద లేడు, ఆర్డరు లేదు, అయినా ఎంత చక్కగ నడుస్తున్నదో!" అని వరండాలో అందరికీ వినపడేట్టు అన్నాను.

"చూస్తున్న సార్" అంది. "జర ఆగుండ్రి."

మర్నాడు మధ్యాహ్నం వలస కోయలు వచ్చారు. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి ఎప్పుడో వచ్చి, వాగు పక్కన అడవి అంచున గుడిసెలు వేసుకున్న కుటుంబాలు. గుడిసెలు మునిగిపోతే తడి బట్టలతో, నెత్తిన గిన్నెలతో నడిచి వచ్చారు. వాళ్లలో బుద్రి అనే ఆమె చంకలో చిన్నపాప ఉంది. పాపకు ఒళ్లు కాలిపోతోంది. వీపు మీద, మెడ మీద నీటిపొక్కులు.

కాలనీ వాళ్లలో సరస్వతి అనే ఆమె మొదట చూసింది. "అయ్యో, ఆ పిల్లకు తల్లి పోసింది!" అని కేకేసి తన కొడుకును వెనక్కి లాక్కుంది. మేం ఆటలమ్మ అనేదాన్ని ఇక్కడ తల్లి పోయడం అంటారు. క్షణంలో వరండా ఖాళీ అయింది. వలస వచ్చినవాళ్లు సైకిల్ షెడ్డులో నిలబడ్డారు. మిగతావాళ్లంతా పెద్ద హాల్లో చేరి మాట్లాడుకున్నారు. కాసేపటికి వెంకటయ్య నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, అందరం కూడి అనుకున్నం. ఒక్కరు గూడ కాదనలే. వాళ్లను పాత గోదాముకు పంపుదం. బియ్యం మనమే ఇద్దం."

"గోదాము కాడికి పోయే తొవ్వల అప్పుడే నీళ్లున్నయి వెంకటయ్యా. ఇంకా పెరుగుతున్నయి."

"నా బిడ్డ కడుపుతోని ఉంది సారూ. ఆమెకు గిది అంటితె ఏం గావాలె?"

"వాళ్లు ఎక్కడికీ పోరు" అన్నాను. "తాళాలు నా దగ్గరున్నయి."

వెంకటయ్య నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. ఆయన వెనక హాలు గుమ్మంలో జనం నిలబడి వింటున్నారు.

"అయితె ఇన్ని రోజులు మీరన్నదంత ఉత్తదేనా? పెద్ద లేడు, అందరం కూడి అనుకోవాలె, అదే బాగుందన్నరు. అనుకున్నం. ఇప్పుడు మీకు నచ్చలేదని తాళాలు నావంటున్నరు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను మెచ్చుకున్న మనుషులే, నేను మెచ్చుకున్న పద్ధతిలోనే, ఒక్క గొంతుగా తప్పు నిర్ణయం చేశారు. వాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు. వెంకటయ్య భయం నిజమైన భయం.

సైకిల్ షెడ్డు వైపు చూశాను. నాగమణి తడి సిమెంటు మీద బుద్రి పక్కన కూర్చుని కోయలో ఏదో అడుగుతోంది. అప్పుడు తట్టింది నాకు.

"అందరం అంటున్నవు కద వెంకటయ్యా. ఆ అందరిలో వాళ్లున్నరా?"

"వాళ్ల ముచ్చటే కద మాట్లాడుకున్నది. వాళ్లెందుకు?"

"వాళ్ల ముచ్చట గనుకనే వాళ్లుండాలె. మళ్లొకసారి కూచుందం. వాళ్లను గూడ పిలుద్దం, దూరంగనే కూచుంటరు. మళ్ల పొమ్మనే అనుకుంటె మాత్రం నేను ఒప్పుకోను. ఆ మాట ముందే చెప్తున్న."

చెప్పాక నాకే వింతగా అనిపించింది. విమల మేడమ్ అడిగిన ఆ ఒప్పుకోనివాడు ఇప్పుడు నేనే. ఇన్నేళ్లూ నా ఊహలో అతను ఎప్పుడూ మూర్ఖుడిగానే ఉండేవాడు.

వరండాలో మళ్లీ కూర్చున్నారు. వలస వచ్చినవాళ్లు మెట్ల కింద, చినుకుల్లోనే కూర్చున్నారు. బుద్రి మాట్లాడింది. చిన్న గొంతు, కానీ వణకలేదు. నాగమణి తెలుగులో చెప్పింది.

"ఆమె ఏమంటున్నదంటె, మాకాడ గూడ తల్లి పోస్తె ఆ ఇంటోళ్లను వేరెనే పెడ్తం. దూరం పెడ్తం గని వెళ్లగొట్టం. దొప్పల అన్నం పెట్టి దూరం నుంచి జరుపుతం. మాకు ఒక మూల చూపెట్టండ్రి. యాడ నడవాల్నో యాడ నడవద్దో చెప్పండ్రి, గట్లనే చేస్తం. గా నీళ్లలకు మాత్రం పొమ్మనకుండ్రి."

సరస్వతే ముందు నోరు తెరిచింది.

"జరం ఎన్నడొచ్చింది పిల్లకు?"

మొన్న అని నాగమణి చెప్పింది.

"ఏమన్న తిన్నదా?"

ఆ ఒక్క ప్రశ్నతో గాలి మారిపోయింది. ఇంకొకామె పొక్కులకు వేపాకు కావాలంది. నాగమణి ఏఎన్ఎం నర్సమ్మకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆటలమ్మ ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం అరుదని, కడుపుతో ఉన్నవాళ్లు, పసిపిల్లలు మాత్రం పూర్తిగా దూరంగా ఉండాలని నర్సమ్మ చెప్పింది. "నాకు చిన్నప్పుడే పోసింది" అని ఒకరు, "ఇగో నా నొసటి మీద మచ్చ చూడు" అని ఒకరు. మచ్చలు చూపించుకుంటూ నవ్వుకోవడం మొదలైంది. సరస్వతికీ నుదుటి మీద మచ్చ ఉంది. "అన్నం నేను తీస్కపోత తియ్" అంది.

వెంకటయ్య లేచి నిలబడ్డాడు. "మీరంత ఒప్పుకోండ్రి. నేనొప్పుకోను. రేపు నా బిడ్డకేమన్న అయితె మీరెవ్వరు రారు."

"అందరొప్పుకున్నంక నీదేంది లొల్లి?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నాగమణి చటుక్కున ఆ గొంతు వైపు తిరిగింది. "ఆగుండ్రి. ఆయన భయం ఉత్తది కాదు, నర్సమ్మ చెప్పలేదా?" తర్వాత ఆయన వైపు తిరిగి, "బాబాయ్, ఒప్పుకోకు. నీకేం కావాల్నో అది చెప్పు" అంది.

"నా బిడ్డకు వేరె గది. మెట్లు గూడ వేరె ఉండాలె. ఆ అన్నం గిన్నెలు మా దిక్కు రావద్దు."

పై అంతస్తులో ఆ చివర లైబ్రరీ ఉంది, దానికి వెనక నుంచి మెట్లున్నాయి. దాన్ని కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు ఇచ్చాం. వెంకటయ్య తన కూతుర్ని తీసుకుని అటు వెళ్లాడు. ఆయన ఒప్పుకోలేదు, చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ సాయంత్రానికి మళ్లీ పొయ్యిల దగ్గరే ఉన్నాడు. బుద్రి వాళ్ల అన్నం మాత్రం తన చేత్తో వడ్డించలేదు. సరస్వతే గంటె తీసుకుని వడ్డించుకుపోయేది. ఆయన ఆ గంటెను పక్కన పెట్టి ఇంకోటి వాడుకునేవాడు. ఎవరూ ఆయన్ని దెప్పలేదు.

మేడమ్ అడిగిన జవాబు నాకు అప్పటికి దొరికింది. ఒప్పుకోనివాడిని ఒప్పించి తీరాలని లేదు, వెళ్లగొట్టాలనీ లేదు. అతని 'కాదు'కు కూడా ఒక గది చూపించాలి. చూపించడానికి గది ఉన్నంతవరకు సమాజం సమాజంగా ఉంటుంది. తర్వాత నా పరిశోధనను పుస్తకంగా వేసినప్పుడు ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను.

మళ్లీ కూర్చున్నాక కూడా పొమ్మని ఉంటే ఏం చేసేవారు అని నన్ను చాలామంది అడిగారు. తాళాలు వదిలేవాణ్ని కాదు. అధికారాన్ని ప్రశ్నించడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్నే, అయినా ఆ రోజు నా చేతిలో ఉన్న ఆ కాస్త అధికారాన్ని వాడేవాణ్ని. అందులో నాకు సిగ్గేమీ లేదు. సిద్ధాంతం శుభ్రంగా ఉండాలని ఒక పాపను నీళ్లలోకి పంపే నీతి నాకు అక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గది

పాపను ఉంచడానికి సొంత మరుగుదొడ్డి ఉన్న గది కావాలి. కళాశాల మొత్తం మీద అలాంటిది ఒక్కటే, ప్రిన్సిపాల్ గది. దాని తాళం మాత్రం సుదర్శనం గారి జేబులో, ఖమ్మంలో ఉంది. ఫోన్ చేశాను.

"ఆ గదిలో జవాబు పత్రాలున్నాయి హరిలాల్ గారూ. కుదరదు" అన్నారు.

"బీరువా ముట్టుకోం సార్. తలుపు మాత్రం తీస్తున్నాను."

"నేను ఒప్పుకోవడం లేదు."

"అర్థమైంది సార్. బాధ్యత నాది."

గొళ్లెం మరలు విప్పి తలుపు తీశాం. బుద్రి, ఆమె భర్త, పాప అందులో ఉన్నారు. వాళ్లతో వచ్చిన మిగతా కుటుంబాలను పక్క క్లాసు గదుల్లో పెట్టాం. పాప జ్వరం తగ్గి, పొక్కులు మాడి, నీళ్లు తీసేనాటికి వరండా చివర ఒక్కతే ఆడుకునేంతగా కోలుకుంది.

రోడ్డు తెరిచిన రోజే సుదర్శనం గారు వచ్చారు. ఆయన కుర్చీ వీపు మీద పాప గౌను ఆరేసి ఉంది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, బీరువా తాళం లాగి చూసుకుని బయటికి వెళ్లారు. నాకు మెమో వస్తుందని స్టాఫ్ అంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. రాలేదు. వారం తర్వాత కొత్త గొళ్లెం బిగించడానికి వడ్రంగి వచ్చాడు. సుదర్శనం గారు ఒక తాళంచెవి తన జేబులో వేసుకుని, రెండోది వాచ్‌మన్ చేతికిచ్చారు.

"వచ్చే ఏడు మళ్లీ తలుపు పాడు చేయకండి" అన్నారు, నా వైపు చూడకుండా.

అందరూ ఆయన్ని పిరికివాడు అనేవాళ్లు. నేనూ అనేవాణ్ని. ఆయన జాగ్రత్తపరుడు, అంతే. రెంటికీ తేడా ఉందని ఆ రెండో తాళంచెవి చెప్పింది. మీ పైవాళ్లను ఒక్క ఫోన్ సంభాషణతో తూచకండి. వాళ్లు తర్వాత ఏం చేస్తారో చూసేదాకా ఆగండి.

సరస్వతి

కథ ఇక్కడితో అయిపోతే నేను దాన్ని నమ్మేవాణ్ని కాదు. అందరూ ఇళ్లకు చేరాక, ఇళ్లలో బురద ఎత్తుకుంటున్న రోజుల్లో సరస్వతి కళాశాలకు వచ్చింది.

"సారూ, నా కొడుక్కు పోసింది."

కుర్చీ లాగి లోపలికి రమ్మన్నాను.

"మీరు చెప్పబట్టె గిట్లయింది" అంది. తర్వాత స్టాఫ్ రూము గుమ్మంలోనే కూలబడి, "మనం తప్పు చేసినమా సారూ?" అని అడిగింది.

"లేదమ్మా. తప్పు చేయలే."

"నాకూ గట్లనే అనిపిస్తది. అయినా వాడు ఒళ్లంత గోక్కొని ఏడుస్తుంటె మీ మీద కోపమొస్తది."

"రానీ. రావాల్సిందే."

ఆ అబ్బాయికి తగ్గేదాకా రోజూ వాళ్లింటికి వెళ్లాను. నాకూ చిన్నప్పుడు పోసింది కాబట్టి భయం లేదు. వెళ్లి చేయడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లవాడి పక్కన కూర్చుని కథలు చెప్పేవాణ్ని, గోక్కోకుండా చేతులు పట్టుకునేవాణ్ని. సరస్వతి ఆ సమయంలో ఇంట్లో బురద కడుక్కునేది. వెంకటయ్య ఒక రోజు అటుగా పోతూ గుమ్మంలో ఆగి, "నేను చెప్పలేదా సారూ?" అన్నాడు.

"చెప్పినవు" అన్నాను.

మర్నాడు ఆయనే జావ కాచి పంపించాడు. ఆయన కూతురికి ఏ ఇబ్బందీ రాలేదు, తర్వాత ఆడపిల్ల పుట్టింది.

నీతి పాఠం చెప్పేవాళ్లందరికీ ఈ భాగం చెప్పాలని నా కోరిక. సరైన నిర్ణయానికి కూడా ధర ఉంటుంది, చాలాసార్లు ఆ ధర నిర్ణయం చెప్పినవాడి మీద పడదు. పక్కవాడి మీద పడుతుంది. అది ఎవరి మీద పడిందో మీకు పేరుతో సహా తెలిసి ఉండాలి. వాళ్ల ఇంటి గడప తొక్కి ఉండాలి. అది చేయకుండా త్యాగం గురించి చెప్పే పాఠాలు నాకు ఇప్పటికీ వెగటు.

కొత్తగా వచ్చేవాళ్లకు

పుస్తకాలు బాగా చదవండి. ఊళ్లలో తిరిగితే చాలు, చదవక్కర్లేదు అనే మాట సోమరితనం. నేను చదవకపోయి ఉంటే, ఆ రోజు వరండాలో "ఆ అందరిలో వాళ్లున్నరా" అనే ప్రశ్న నా నోటికి వచ్చేది కాదు. కానీ చదివినదాంట్లో పల్లెలు, అడవులు కనిపిస్తే వాటిని స్వర్గాలుగా చేయకండి. పైన పాలకుడు లేనిచోట కూడా మనిషిని మనిషి నలిపేయడానికి చాలా దారులున్నాయి. సిగ్గు, వెలి, గుసగుస, వీటికి లాఠీ అవసరం లేదు. అట్లాగని మనుషులకు ఎప్పుడూ కాపలాదారు ఉండాల్సిందే అనేవాళ్లనూ నమ్మకండి. సరస్వతి చేతికి ఆ గంటెను ఎవరూ ఆర్డరు వేసి ఇవ్వలేదు.

క్లాసులో మిమ్మల్ని ఒప్పుకోని విద్యార్థి ఒకరుంటే వాళ్ల పక్కనే కుర్చీ వేసుకోండి. నాగమణి నాకు అట్లాగే దొరికింది. ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో రెగ్యులర్ లెక్చరర్. నేను చెప్పిన అరాజకవాదం పేపరు అక్కడ ఆమే చెబుతుంది. "సార్ రాసింది సగమే" అని క్లాసులో మొదటి రోజే చెబుతుందట. అంతకంటే మంచి మాట నా పని గురించి ఇంతవరకు ఎవరూ అనలేదు.

నేను రిటైరయ్యాక మొన్నీమధ్య మళ్లీ గోదావరి వచ్చింది. ఇప్పుడు నేనుంటున్న కొత్తగూడెం నుంచి దొరికిన బస్సు పట్టుకుని పాత కళాశాలకు వెళ్లాను. స్టాఫ్ మారిపోయారు. వాచ్‌మన్ కూడా కొత్తవాడే. ఈసారి మునిగింది వేరే కాలనీ, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. వరండా నిండా మూటలు, పిల్లలు, పొగ. ఎవరితో మాట్లాడాలో తెలియక ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకున్న ఒక పడుచు నీళ్ల బిందెతో వస్తూ నన్ను చూసి ఆగింది.

"పెద్దాయనా, ఊకె నిలవడితె ఎట్ల? చేతులు మంచిగనే ఉన్నయి కద?"

"ఉన్నయమ్మా. ఇక్కడ చూసుకునే పెద్ద ఎవరు?" అని అడిగాను.

"పెద్దా?" ఆమె బిందె ఇంకో చంకకు మార్చుకుంది. "ఇక్కడ పెద్దెవరు లేరు. ఉల్లిగడ్డలు అటున్నయి, కత్తిపీట గూడ ఆడనే ఉంది. జల్దీ పో."

వెళ్లి కూర్చున్నాను.